రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద పిచ్చిమొక్కలు: స్థానిక సంస్థలు వాటిని అదుపులో పెట్టే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

ఫుట్‌పాత్ మీద మొక్క మొలిచిందంటే అంతకుముందే అక్కడ మట్టి చేరిందన్నమాట. ఉత్త సిమెంటు మీద విత్తనం పడితే ఎండకు మాడిపోతుంది, లేదా గాలికి ఎగిరిపోతుంది. అదే కర్బ్ రాయి (ఫుట్‌పాత్ అంచున పాతే రాయి) పక్కన వేలెడు మందం దుమ్ము, కుళ్లిన ఆకులు, టైర్ల పొడి, ఇసుక పేరుకుని ఉంటే, దానికి ఒక్క వాన తగిలితే చాలు, వారంలో పచ్చబడుతుంది. చాలా మున్సిపాలిటీల్లో కలుపు పని అనగానే ఏ మందు కొట్టాలి, టెండర్ ఎప్పుడు పిలవాలి అన్న చర్చతో మొదలుపెడతారు. అది చివర్లో రావాల్సిన ప్రశ్న. దానికంటే ముందు చేయాల్సిన పనులు సరిగ్గా చేస్తే మందు అవసరం చాలా వరకు తగ్గిపోతుంది, చేయకపోతే ఎంత మంచి మందు కొట్టినా మూడు నెలల్లో మళ్లీ అదే వీధి, అదే ఫిర్యాదు.

ఇది పారిశుద్ధ్య విభాగంలో, ఇంజనీరింగ్ విభాగంలో పనిచేసేవాళ్లకూ, వార్డు సభ్యులకూ పనికొస్తుంది. మా వీధిలో ఎందుకు తీయడం లేదని అడగాలనుకునే మామూలు జనానికి కూడా, ఎందుకంటే లోపల పని ఎలా జరగాలో తెలిస్తే సరైన చోట సరైన ప్రశ్న అడగొచ్చు.

1. ఏ మొక్క వల్ల ఎవరికి ఇబ్బంది?

పచ్చగా కనబడిందల్లా పీకేయాలనే పట్టుదల అక్కర్లేదు, అన్నిటినీ పీకేంత మనుషులూ ఉండరు. అసలు ఇబ్బంది ఎక్కడ వస్తుందో ముందు రాసుకోండి.

నడిచే దారి ఇరుకైపోవడం మొదటిది. వయసు మళ్లినవాళ్లు, కర్ర పట్టుకుని నడిచేవాళ్లు, వీల్‌చైర్‌లో వెళ్లేవాళ్లు, పిల్లల బండి తోసుకెళ్లేవాళ్లు గుబురుగా పెరిగిన గడ్డిని తప్పించుకోవడానికి రోడ్డు మీదికి దిగాల్సి వస్తే అది అందం సమస్య కాదు, ప్రాణాల సమస్య. చూపు లేనివాళ్ల కోసం గీతలు, బొడిపెలు ఉన్న టైల్స్ వేస్తారు చూడండి, వాటి మీద గడ్డి పరుచుకుంటే కాలికి ఆ గుర్తు తగలదు, అంటే ఆ టైల్స్ ఉన్నా లేనట్టే. కూడళ్లలో, డివైడర్ల చివర, జీబ్రా క్రాసింగ్ దగ్గర మనిషి నడుము ఎత్తు మొక్కలుంటే డ్రైవర్‌కు రోడ్డు దాటే పిల్లాడు కనపడడు. డ్రైన్ జాలీల చుట్టూ వేళ్లు, మట్టి పట్టుకుంటే నీళ్లు లోపలికి దిగక రోడ్డు మీదే నిలుస్తాయి. నిలిచిన నీళ్లు తారును తింటాయి. పగుళ్లలో వేళ్లు లావెక్కి అంచులు విరగడం, పేవర్ బ్లాకులు పైకి లేవడం, వంతెన గోడల్లో పడ్డ రావి మొలకలు ఏళ్ల తరబడి లోపలికి పాకడం ఇవన్నీ రిపేరు ఖర్చులే.

వీటిలో దేనికీ సంబంధం లేని మొక్కలు కూడా బోలెడు ఉంటాయి. గోడ వారగా జానెడు ఎత్తున పెరిగి, పసుప్పచ్చ పూలు పూసి, తేనెటీగలకు ఇంత తిండి పెట్టే గడ్డిచేమంతి మీద కార్మికుల సమయం ఖర్చు చేయడం నా దృష్టిలో దుబారా. ఫ్రాన్స్‌లోని తులూజ్ నగరంలో ప్రకృతి చరిత్ర మ్యూజియంలో పనిచేసే బోరిస్ ప్రెసెక్ అనే వృక్షశాస్త్రవేత్త ఫుట్‌పాత్ పగుళ్లలో పెరిగే మొక్కల పక్కన సుద్దముక్కతో వాటి పేర్లు రాస్తూ తిరిగాడు. 2019లో ఆ వీడియో ఊరూరా తిరిగింది. మిగతా దేశాల్లో కూడా జనం సుద్దముక్కలు పట్టుకున్నారు. ఆ మొక్కలు ఎవరికీ అడ్డం కాదని జనానికి అర్థమైతే ఫిర్యాదుల సంఖ్యే తగ్గుతుంది.

2. ఏ రోడ్డు ఎవరిదో జాబితా

బోరింగ్ పనే, కానీ తప్పదు. రహదారి శాఖ రోడ్డు, స్థానిక సంస్థ రోడ్డు, రైల్వే స్థలం, అపార్ట్‌మెంట్ సముదాయం లోపలి ప్రైవేటు రోడ్డు, ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. కలుపు మాత్రం గీత చూసి ఆగదు. ప్రతి వీధికీ పొడవు, రెండు వైపులా ఫుట్‌పాత్ ఉందా, ఉపరితలం ఏమిటి (తారు, కాంక్రీటు, పేవర్ బ్లాకులు, రాతి పలకలు), పక్కన చెరువు, బావి, నీటి కాలువ, బడి, ఆసుపత్రి ఉన్నాయా, చెట్ల పాదులు ఎన్ని, ఇవి ఒక షీట్‌లో ఉండాలి. మ్యాప్ మీద పెట్టగలిగితే ఇంకా మంచిది, లేకపోతే మామూలు ఎక్సెల్ చాలు. నీటి వనరుల పక్క వీధులకు విడిగా గుర్తు పెట్టండి, మందు దాకా వచ్చినప్పుడు అదే మొదట అడగాల్సి వస్తుంది.

3. కొలత ఒకటి పెట్టుకోండి

"బాగా పెరిగింది" అంటే ఒక్కొక్కరికి ఒక్కో లెక్క. సూపర్‌వైజర్‌కు పర్వాలేదనిపించింది వార్డు సభ్యుడికి అడవిలా కనిపిస్తుంది. అందుకే ఫొటోలతో స్థాయిలు పెట్టుకోవాలి: ఏమీ లేనిది, అక్కడక్కడ మొలకలు, పగుళ్ల వెంట వరుసగా కానీ పాదం ఎత్తు దాటనిది, గుత్తులుగా పెరిగి దారిలోకి వాలినది, దారే మూసుకుపోయినది. ఇలా ఒకటి నుంచి ఐదు దాకా నంబర్లు వేసిన ఐదు ఫొటోలు ప్రింటు తీసి ప్రతి టీమ్‌కూ ఇవ్వండి. తనిఖీకి వెళ్లినవాళ్లు ఫొటోతో పోల్చి నంబర్ రాస్తారు, అంతే. ఎత్తు, పరుచుకున్న వెడల్పు రెండూ చూడాలి, ఎందుకంటే గరిక ఎత్తు పెరగకుండానే టైల్స్ మొత్తం కప్పేస్తుంది.

తర్వాత వీధులను విభజించండి. ఆసుపత్రులు, బస్టాపులు, బడులు, మార్కెట్లు, కూడళ్లు ఉన్నచోట రెండో స్థాయి దాటనివ్వకూడదు. మామూలు నివాస వీధుల్లో మూడో స్థాయి దాకా ఓర్చుకోవచ్చు. మనుషులు నడవని వెనక సందుల్లో, వెడల్పాటి రోడ్డు మట్టి అంచుల్లో నాలుగు వచ్చేదాకా ఆగినా నష్టం లేదు, అక్కడ ప్రమాదకరమైన రకాలు లేకుంటే చాలు. ఈ విభజనను పాలకవర్గం ముందు పెట్టి ఒప్పించి, రాతపూర్వకంగా ఉంచుకోండి. అది లేకుండా ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ల వీధికి టీమ్ వెళ్తుంది, బస్టాప్ దగ్గర పడిపోయిన పెద్దావిడ మాట ఎవరూ వినరు.

4. ఊడ్చడం, గీకడం

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఫలితంలో సగానికి పైగా ఇక్కడే తేలిపోతుంది.

జనం ఎక్కువగా నడిచే చోట కలుపు పెద్దగా పెరగదు, కాళ్ల కిందే నలిగిపోతుంది. అది పెరిగేది నాలుగు చోట్ల: కర్బ్ రాయికీ తారుకూ మధ్య గీతలో, ప్రహరీ గోడ మొదట్లో, కరెంటు స్తంభాలు, బోర్డు పైపులు, బెంచీల చుట్టూ, ఆగి ఉన్న వాహనాల కింద. చీపురు గానీ స్వీపింగ్ యంత్రం గానీ చేరని చోట్లు కూడా సరిగ్గా ఇవే. ఈ రెండు జాబితాలూ ఒకటే కావడం యాదృచ్ఛికం కాదు.

ముందుగా గీకుడు పని. ఏళ్ల తరబడి పేరుకున్న మట్టిని పారతో, గీకుడు బద్దతో కర్బ్ వెంట అడుగు కనిపించేదాకా తీయాలి. ఇది రోజువారీ ఊడ్పులో అయ్యేది కాదు, దీనికి విడిగా టీమ్, ట్రాక్టర్ ఉండాలి, ఏడాదికి ఒకసారి ప్రతి వీధికీ పూర్తి కావాలి. ఎప్పుడంటే మొలకలు లేచే కాలానికి కాస్త ముందు. వానల మీద ఆధారపడే ప్రాంతాల్లో తొలకరికి ముందు, చలి దేశాల్లో శీతాకాలం చివర. తీసిన మట్టిని అక్కడే ఫుట్‌పాత్ మీద కుప్పలు పోసి పోవడం మహా పాపం. రెండు రోజుల్లో అది మళ్లీ రోడ్డు మీదికో డ్రైన్‌లోకో వెళ్తుంది. అదే పూట ఎత్తేయాలి.

ఆ తర్వాత ఊడ్పు. చెట్లు ఆకులు రాల్చే కాలంలో మామూలు షెడ్యూల్ సరిపోదు, ఆకు కుళ్లకముందే తీయాలి, కుళ్లాక అది ఎరువే. యంత్రంతో ఊడ్చే వీధుల్లో వాహనాలు ఆగి ఉంటే యంత్రం చుట్టూ తిరిగి వెళ్లిపోతుంది, రికార్డులో మాత్రం వీధి పూర్తయినట్టు ఉంటుంది. కాబట్టి వీధికి ఒక వైపు ఒక రోజు, రెండో వైపు ఇంకో రోజు అని ముందుగా బోర్డు పెట్టి వాహనాలు తీయించాలి, లేదా ఆ అంచును చేతి చీపురుతో చేయించాలి. స్తంభాల చుట్టూ, గోడ మూలల్లో ఎప్పుడూ చేతి పనే. పారిశుద్ధ్య కార్మికులకు రోజూ ఇచ్చే పనిముట్లలో ఒక గీకుడు బద్ద కూడా ఉంటే, ఊడుస్తూ ఊడుస్తూ రెండాకుల మొలకల్ని అలా గీకేస్తారు, దానికి క్షణం పట్టదు. అదే మొలక రెండు నెలల తర్వాత తీయాలంటే పార కావాలి. ఇంతా చేసి వాళ్లకు ఇవ్వాల్సింది ఒక పనిముట్టు, రోజులో కొంత అదనపు సమయం. అదనపు సమయం ఇవ్వకుండా ఈ పని నెత్తిన వేయడం మాత్రం అన్యాయం, అలా చేస్తే ఊడ్పు, కలుపు రెండూ చెడతాయి.

5. మొక్కను గుర్తుపట్టడం

వృక్షశాస్త్రం అక్కర్లేదు. టీమ్‌కు నాలుగు గుంపులు తెలిస్తే చాలు.

మొదటి గుంపు విత్తనంతో వచ్చి ఆ సీజన్‌లోనే పోయేవి. వీటికి సూత్రం ఒక్కటే, పూతకు రాకముందే తీయాలి. వయ్యారిభామ ఈ గుంపులో మహా మొండిది. అమెరికా ఖండాల్లో పుట్టి ఆసియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియాల్లో పాకిపోయింది. నెలా నెలన్నరలోనే పూస్తుంది, బాగా పెరిగిన ఒక్క మొక్క వేలకొద్దీ విత్తనాలు రాలుస్తుంది. దాన్ని ఉత్త చేతులతో పీకించకూడదు, చర్మం మీద దద్దుర్లు వస్తాయి, పుప్పొడితో ఉబ్బసం ఉన్నవాళ్లకు ఊపిరాడదు. గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా, మాస్కు తప్పనిసరి. పీకేది మాత్రం వేళ్లతో సహా, నేల తడిగా ఉన్నప్పుడు. గంగవావిలి కూడా ఈ గుంపులోదే, కానీ తెగిన కాడ తడి మట్టిలో పడితే మళ్లీ వేళ్లూనుతుంది, కాబట్టి ముక్కలు చేసి అక్కడే వదిలేయకూడదు.

రెండోది భూమిలో దుంపలు, పాకే వేళ్లు దాచుకునేవి: తుంగ, గరిక. పైన కోస్తే కింద నుంచి మళ్లీ వస్తాయి. తుంగ దుంపలు గొలుసులా అల్లుకుని ఉంటాయి, పైమొక్క పీకినా దుంప కిందే ఉంటుంది. ఇవి ఉన్నచోట ఒక్కసారి పనితో ముగించేశాం అని ఎవరైనా చెబితే నమ్మకండి. మళ్లీ మళ్లీ కోసి దుంపలో దాచుకున్న శక్తిని కరిగించాలి, లేదా వేరుదాకా దిగే మందు వాడాలి.

మూడోది పక్షులు వేసిన చెట్టు మొలకలు, ముఖ్యంగా రావి, మర్రి. వేలెడు ఉన్నప్పుడు రెండు వేళ్లతో వచ్చేస్తాయి, బొటనవేలంత లావైతే గోడ విప్పాల్సి వస్తుంది. వంతెనలు, రిటైనింగ్ గోడలు (మట్టి జారకుండా ఆపే గోడలు), కల్వర్టులు ఏడాదికి ఒకసారి దీని కోసమే చూడాలి.

నాలుగోది ఆ దేశంలో చట్టం ప్రత్యేకంగా చూసే దురాక్రమణ మొక్కలు, అంటే బయటి నుంచి వచ్చి అంతటా పాకిపోయేవి. బ్రిటన్‌లో జపనీస్ నాట్‌వీడ్ అనే మొక్కతో పెద్ద తలనొప్పి, వేరు ముక్క గోరంత ఉన్నా కొత్త మొక్క అవుతుంది. బ్రష్ కట్టర్‌తో (చేత్తో పట్టుకుని గడ్డి కోసే యంత్రం) దాన్ని కొడితే వీధంతా చల్లినట్టే. ఇలాంటి మొక్క కనిపిస్తే మామూలు టీమ్ ముట్టకుండా, గుర్తు పెట్టి, ప్రత్యేక టీమ్‌కు చెప్పాలి.

6. మందు లేకుండా ఉన్న దారులు

చేతి పని ఖచ్చితమైనది, వేరుతో సహా వస్తుంది, శబ్దం లేదు, పక్కనున్న చెట్టుకు హాని లేదు. సమయం మాత్రం బాగా పడుతుంది. టైల్స్ మధ్య సందుల కోసం వంకీ తిరిగిన సన్నని కత్తి, గోడ వారకు గీకుడు బద్ద ఉంటే సగం శ్రమ తగ్గుతుంది. కూర్చుని చేసే పని కాబట్టి పొడుగు పిడి ఉన్న పనిముట్లు ఇవ్వండి, లేకపోతే నడుములు పాడవుతాయి.

బ్రష్ కట్టర్ వేగంగా పోతుంది గానీ పైన మాత్రమే కోస్తుంది. ఎత్తు తగ్గించడానికి, చూపు క్లియర్ చేయడానికి బాగుంటుంది. రాళ్లు ఎగిరి కార్ల అద్దాలకు, మనుషుల కళ్లకు తగులుతాయి కాబట్టి కళ్లద్దాలు, పక్కన అడ్డు తెర ఉండాలి. ఇంకో నష్టం ఎవరూ లెక్కలోకి తీసుకోరు: చిన్న చెట్ల మొదళ్లలో గడ్డి కోస్తూ నైలాన్ తీగ బెరడును చుట్టూ చెక్కేస్తుంది, ఆ చెట్టు నెమ్మదిగా చచ్చిపోతుంది. చెట్టు పాదు చుట్టూ ఒక మూర దూరంలో బ్రష్ కట్టర్ నిషేధం అని రాసిపెట్టండి, అక్కడ చేత్తోనే తీయాలి, ఆపైన చెక్కపొట్టో ఎండుటాకో నాలుగు వేళ్ల మందం పరిచి, కాండానికి మాత్రం తగలకుండా ఉంచాలి.

తీగ బ్రష్ యంత్రాలు కర్బ్ గీతను మట్టితో సహా బాగా శుభ్రం చేస్తాయి. కానీ గట్టి కాంక్రీటుకూ తారుకూ సరే, పేవర్ బ్లాకుల మీద వాడితే సందుల్లోని ఇసుకను కూడా తోడేస్తాయి, ఆ ఖాళీలో మళ్లీ మట్టి చేరుతుంది, కలుపు ముందుకంటే బాగా పెరుగుతుంది. వాడితే వెంటనే సందులు ఇసుకతో నింపాలి. తెగిన తీగ ముక్కలు టైర్లలో గుచ్చుకుంటాయి, చివర్లో ఊడ్చేయాలి.

ఇక వేడి పద్ధతులు: గ్యాస్ మంట, ఆవిరి, మరిగే నీళ్లు, వేడి నురగ. వీటిలో అసలు విషయం ఏమిటంటే మొక్కను కాల్చి బూడిద చేయనక్కర్లేదు, ఆకు కణాలు పగిలేంత వేడి తగిలితే చాలు. మంట తగిలించాక ఆకును వేళ్ల మధ్య నొక్కి చూడండి, ముదురు పచ్చగా వేలిముద్ర పడితే పని అయిపోయినట్టే, నల్లబడేదాకా ఆగడం గ్యాస్ దండగ. రెండు మూడు ఆకుల మొలకల మీద ఇది అద్భుతంగా పనిచేస్తుంది. గడ్డి జాతుల మీద బలహీనం, వాటి పెరిగే మొన నేల మట్టంలోనో కిందో దాగి ఉంటుంది. వేడి వేరుదాకా దిగదు కాబట్టి సీజన్‌లో చాలాసార్లు తిరగాలి. ఎండు గడ్డి, ఎండుటాకులు, గ్యాస్ పైపులు, ఆగి ఉన్న వాహనాలు ఉన్నచోట మంట వద్దే వద్దు. వేడి నీళ్లు, నురగ అక్కడ మేలు. నురగ మొక్క మీద దుప్పటిలా ఉండి వేడిని కాసేపు నిలుపుతుంది. వీటికి నీళ్ల ట్యాంకు, డీజిల్ బాగా కావాలి, యంత్రం కొనేముందు రోజుకు ఎంత దూరం అవుతుందో మీ సొంత వీధిలో చూపించమనండి.

ఉప్పు నీళ్లు చల్లడం గురించి అడుగుతుంటారు. వద్దు. మట్టిలో నిలిచిపోయి చెట్లను చంపుతుంది, కాంక్రీటులోని ఇనుమును తుప్పు పట్టిస్తుంది. వినిగర్ రకాలు ఆకును మాడుస్తాయి, వేరును ముట్టవు, గాఢత ఎక్కువైతే కళ్లకు ప్రమాదం, పైగా కలుపు మందుగా అనుమతి లేనిదాన్ని ప్రభుత్వ సంస్థ రోడ్డు మీద చల్లడం చాలా దేశాల్లో చట్టవిరుద్ధం.

7. మందు వాడాల్సి వస్తే

ముందు చట్టం చూసుకోండి, దేశానికి ఒక తీరు. నెదర్లాండ్స్ 2016లో ఫుట్‌పాత్‌ల లాంటి గట్టి నేలల మీద కలుపు మందులు కొట్టడాన్ని ఆపేసింది. ఫ్రాన్స్‌లో 2017 జనవరి నుంచి స్థానిక సంస్థలు రోడ్లు, పార్కుల్లో రసాయన పురుగుమందులు, కలుపు మందులు వాడటంపై నిషేధం ఉంది, కొద్ది మినహాయింపులతో. ఐరోపా యూనియన్ మొత్తంగా గ్లైఫోసేట్ అనే కలుపు మందుకు 2023లో మరో పదేళ్ల అనుమతి ఇచ్చింది. భారతదేశంలో 2022 అక్టోబరు ఉత్తర్వు గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు (ఇలాంటి మందులు కొట్టే పనికి లైసెన్సు ఉన్నవాళ్లు) తప్ప ఇతరులు కొట్టకూడదని చెప్పింది. అంటే మామూలు కూలీల చేతికి పంపు ఇచ్చి పంపించడం కుదరదన్నది ఆ ఉత్తర్వు ఉద్దేశం. ఆరోగ్యం విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో దాన్ని మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించగలదనే జాబితాలో పెట్టింది, అమెరికా, ఐరోపా నియంత్రణ సంస్థలు సూచించిన విధంగా వాడితే ఆ ముప్పు ఉండే అవకాశం లేదన్నాయి. జనం అడిగితే ఈ రెండు మాటలూ చెప్పండి, ఒక్కటే చెప్పి తప్పించుకోవద్దు.

మందు మానేయాలని నిర్ణయించిన సంస్థలకు ఒక మాట. ఇంగ్లండ్‌లో బ్రైటన్ అండ్ హోవ్ నగర కౌన్సిల్ 2019లో గ్లైఫోసేట్ ఆపేసి చేతి పని మీద, యంత్రాల మీద ఆధారపడింది. కలుపు పెరుగుదలతో ఆ పని పోటీ పడలేకపోయింది, ఫుట్‌పాత్‌లు నడవడానికి వీల్లేకుండా ఉన్నాయని ఫిర్యాదులు పెరిగాయి, 2024లో పరిమిత పద్ధతిలో మళ్లీ గ్లైఫోసేట్‌కే వెళ్లాలని నిర్ణయించారు. మందు మానడం మంచి ఆశయమే, నాకూ అదే ఇష్టం. కానీ మందు మానే రోజుకే ఊడ్పు, గీకుడు, చేతి పని బడ్జెట్ పెరిగి ఉండాలి. మందు పద్దు తీసేసి దాని స్థానంలో ఏమీ పెట్టకపోతే నష్టపోయేది వీల్‌చైర్‌లో వెళ్లే మనిషి.

వాడేటప్పుడు పాటించాల్సినవి:

వీధంతా చల్లకూడదు, పచ్చగా ఉన్న మొక్క మీద మాత్రమే పడాలి. గ్లైఫోసేట్ ఆకు ద్వారా వేరుకు దిగే మందు, మట్టిలో పడితే గట్టిగా అతుక్కుని పనిచేయకుండా పోతుంది. అంటే ఖాళీ నేల మీద కొట్టడం శుద్ధ దండగ, రేపు మొలిచే విత్తనాన్ని అది ఆపదు. పైగా పొలంలో మట్టి దాన్ని పట్టుకుంటుంది గానీ కాంక్రీటు పట్టుకోదు, వానొస్తే నేరుగా డ్రైన్‌లోకి, అక్కడి నుంచి చెరువులోకి పోతుంది. గట్టి నేలల మీద కలుపు మందుల మీద ఇంత పట్టింపు రావడానికి కారణం ఇదే. బ్రిటన్ 1993లోనే అట్రజీన్, సిమజీన్ అనే కలుపు మందులను పొలాలు కాని చోట్ల వాడకుండా ఆపింది నీళ్లలో అవి తేలుతున్నాయనే. డ్రైన్ జాలీల దగ్గర, నీటి అంచున మందు వద్దు, అక్కడ చేతి పనే.

ఆకు మీద దుమ్ము ఉంటే మందు దుమ్ముకే అతుక్కుంటుంది, రోడ్డు పక్క మొక్కల మీద మందు పనిచేయలేదనే ఫిర్యాదుల్లో ఇదొక ముఖ్య కారణం. బురద నీళ్లతో కలిపినా అంతే. నీళ్లు తేటగా ఉండాలి. ఎండకు వాడి వేలాడే మొక్క మందు తీసుకోదు, బాగా పెరుగుతున్నప్పుడే కొట్టాలి. వాన సూచన ఉంటే ఆపండి. గాలి ఆకుల్ని గట్టిగా కదిపేలా ఉంటే ఆపండి. సన్నని తుంపర కాకుండా లావు చుక్క పడే నాజిల్, తక్కువ ప్రెషర్, నాజిల్ చుట్టూ డొప్ప ఉండాలి. లేత చెట్ల పచ్చి బెరడు కూడా మందును పీల్చుకుంటుంది, పాదుల దగ్గరికి వెళ్లకండి. బడి దగ్గరైతే సెలవు రోజున, ఎక్కడైనా ముందు రోజే బోర్డు పెట్టి.

మోతాదు ఊహించి కలపకూడదు, లెక్క ఇలా. ఖాళీ నేల మీద 50 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు గీత గీయండి, అది 100 చదరపు మీటర్లు. పంపులో మంచినీళ్లు పోసి, ఆ మనిషి రోజూ నడిచే వేగంతోనే దాని మీద కొట్టమని, ఖర్చయిన నీళ్లు కొలవండి. 2 లీటర్లు అయ్యాయనుకోండి, హెక్టారుకు 200 లీటర్లన్నమాట. 16 లీటర్ల ట్యాంకు 800 చదరపు మీటర్లకు వస్తుంది, అంటే 0.08 హెక్టారు. లేబుల్ మీద హెక్టారుకు రాసిన మోతాదును 0.08తో గుణిస్తే ఒక ట్యాంకుకు ఎంత పోయాలో తెలుస్తుంది. మనిషి మారినా, నాజిల్ మారినా మళ్లీ కొలవాలి.

కొట్టేవాళ్లకు గ్లౌజులు, బూట్లు, కళ్లద్దాలు, లేబుల్ చెప్పిన మాస్కు, చేతులు కడుక్కోవడానికి సబ్బు, నీళ్లు బండిలోనే ఉండాలి. తేదీ, వీధి, మందు పేరు, ఎంత కలిపారు, గాలి, వాతావరణం, కొట్టిన మనిషి, అన్నీ అదే రోజు రాయాలి. ఖాళీ డబ్బాలు మూడుసార్లు కడిగి ఆ నీళ్లు ట్యాంకులోనే పోసి, డబ్బాకు చిల్లు పెట్టి అప్పగించాలి, ఎవరింట్లోనూ నీళ్ల డబ్బా కాకూడదు.

కొట్టిన వెంటనే పీకేయకండి, మందు వేరుదాకా దిగడానికి వ్యవధి కావాలి, లేబుల్ మీద ఆ గడువు ఉంటుంది. ఒకటి రెండు వారాల్లో పసుపు రంగుకు తిరుగుతుంది. ఎండిపోయాక మాత్రం తప్పకుండా ఎత్తేయాలి. ఎండిన కలుపును అక్కడే వదిలేస్తే కుళ్లి మట్టి అవుతుంది, వచ్చే ఏటి కలుపుకు అదే పునాది. కాంట్రాక్టుల్లో ఈ ఒక్క వాక్యం లేక ఎన్నో వీధులు మళ్లీ మొదటికి వస్తున్నాయి.

8. తీసిన చెత్త

పూత లేని పచ్చి కలుపు కంపోస్టుకు పోతుంది. విత్తనం పట్టినదైతే కుప్ప లోపల వేడి 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలిచే చోటుకే పంపాలి, లేకపోతే ఆ కంపోస్టు పార్కుల్లో చల్లినప్పుడు అదే కలుపు ఊరంతా లేస్తుంది. మందు కొట్టింది, దురాక్రమణ మొక్కలు వేరుగా. లారీ మీద వల కప్పండి, దారి పొడవునా విత్తనాలు రాలకుండా.

9. కాంట్రాక్టు, తనిఖీ

"ఏడాదికి మూడుసార్లు కలుపు తీయుట" అని రాస్తే మూడుసార్లు వచ్చి వెళ్తారు, కలుపు ఉన్నా బిల్లు వస్తుంది. దాని బదులు "ఏడాది పొడవునా ఈ వీధులు రెండో స్థాయి దాటకూడదు" అని, పైన 3వ భాగంలో చెప్పిన ఫొటోలను జత చేసి రాయండి. నెలకోసారి చీటీ తీసి కొన్ని వీధులు ఎంచుకుని, ఒక్కోదాంట్లో 100 మీటర్లు నడిచి స్థాయి రాయాలి. అలా నడిచిన 100 మీటర్ల ముక్కల్లో ఎన్ని ఆ స్థాయి దాటాయో దాన్ని బట్టి బిల్లులో కోత. ఎంపిక ముందే తెలిస్తే ఆ వీధులే మెరుస్తాయి, కాబట్టి చీటీ ఆ ఉదయమే తీయాలి. సొంత కార్మికులతో చేయించినా ఇదే తనిఖీ, కోత బదులు ఎక్కడ మనుషులు తక్కువున్నారో దీంతో తెలుస్తుంది. ఏడాది చివర మ్యాప్ మీద పదే పదే తప్పిన చోట్లు చూడండి. అక్కడ సమస్య కలుపు కాదు, పగిలిన అంచో, లీకయ్యే పైపో, ఎప్పుడూ ఆగి ఉండే వాహనాలో అయి ఉంటుంది.

10. ఫిర్యాదు వస్తే

ఫోన్ తీసినవాళ్లు మూడు అడగాలి: నడవడానికి అడ్డమా, చూపుకు అడ్డమా, నీళ్లు నిలుస్తున్నాయా. ఒక్కదానికి అవునన్నా ఆ వారంలోనే వెళ్లాలి. ఏదీ కాకపోతే ఆ వీధి వంతు ఎప్పుడో నిజమైన తేదీ చెప్పండి. చూస్తాం అనే జవాబు కంటే నెల తర్వాతి తేదీ చెప్పినా జనం ఒప్పుకుంటారు. ఇంటి ముందు తామే తీసుకుంటాం, మందు కొట్టొద్దు అనే కుటుంబాలు ఉంటాయి, వాళ్ల గేటు పక్కన గుర్తు పెట్టి జాబితాలో రాసుకోండి, సంచులు ఇచ్చి, నింపినవి ఎత్తుకెళ్లండి.

11. మళ్లీ మొలవకుండా రిపేర్లు, డిజైన్లు

కర్బ్‌కూ తారుకూ మధ్య పగులును బిటుమెన్‌తో (కరిగించిన తారు) నింపడం ఒక్కటే ఎన్నో ఏళ్ల గీకుడు పనిని తప్పిస్తుంది. పెద్ద పలకలు వేస్తే సందులు తక్కువ, సందులు సన్నగా, గట్టిపడే మిశ్రమంతో నింపితే ఇంకా తక్కువ. వాన నీళ్లు ఇంకే పేవర్లు కావాలనుకుంటే అవి మంచివే, కానీ వాటికి ఊడ్పు ఎక్కువ అవసరమని ముందే బడ్జెట్‌లో రాయాలి. ఫుట్‌పాత్ మీద ఒక బోర్డుకు ఒక పైపు పాతే బదులు ఉన్న కరెంటు స్తంభానికే తగిలిస్తే ఊడ్చే మనిషికి ఒక మూల తగ్గుతుంది. ఎవరూ నడవని చిన్న ట్రాఫిక్ ఐలండ్లలో పేవర్లు పరిచి ఏటా కలుపు తీయించే బదులు మొదటే ఒత్తుగా పాకే, ఎత్తు పెరగని మొక్కలు వేస్తే అవే నేలను కప్పేస్తాయి. కొత్త రోడ్డు డ్రాయింగ్ మీద సంతకం పెట్టేముందు పారిశుద్ధ్య విభాగం నుంచి రోజూ ఊడ్చే మనిషిని ఒకరిని పిలిచి, ఈ మూలలోకి చీపురు వెళ్తుందా, ఈ సందులోకి యంత్రం తిరుగుతుందా అని అడగండి. వెళ్లదంటే అప్పుడే గీత మార్చండి.